ముందర పెట్టె

కొన్న వారంలోనే
చినవాల్తేరు సందు మొదట్లో ఒక పిల్లాడు
పది రూపాయల నోటు ఊపుకుంటూ పరిగెత్తుకొచ్చాడు.
"ఆంటీ, ఒక పుల్లైసు."
పెట్టె మూత తీసి చూపించాను:
రెండు కట్టల తోటకూర, బీట్‌రూటు,
కుట్టు ఊడిన బడిసంచి, మందుల కవరు.
వాడి మొహం చూడలేక ఒక క్యారెట్టు ఇవ్వబోయాను.
తీసుకోలేదు.

వాడి తప్పు లేదు.
తొట్టిని మింగి అరగని సైకిల్లా ఉంటుంది,
ముందు అంత పొడుగూ పెట్టె, వెనక నేను.
ఏయూ గ్రౌండులో నాలుగు ఆదివారాలు పట్టింది
తిప్పడం చేతికి రావడానికి.
ముందు చక్రం ఎక్కడో ఉంటుంది,
దూరపు చుట్టంలా,
చెప్పిన మాట కాసేపాగి వింటుంది.

స్కూటీ కొనుక్కోవచ్చుగా, అన్నారు అందరూ.
అసోసియేషన్ ప్రెసిడెంటు కామరాజు గారైతే
మీటింగే పెట్టించారు,
కామన్ మీటరు కరెంటు తాగేస్తోందని.
అప్పట్నించీ రోజూ రాత్రి
బ్యాటరీ ఊడదీసి చంకనేసుకుని
మూడంతస్తులు ఎక్కుతాను.
నాలుగు కిలోలు.
నా పెద్దది పుట్టినప్పుడు ఇంకా తక్కువే తూగింది.
వంటింట్లో, నానేసిన మినప్పప్పు పక్కన
ఎర్ర లైటు పచ్చబడేదాకా పడుకుంటుంది.

ఇక్కడి ఉప్పుగాలికి ఇనుమంటే ఎంత ఆకలో.
కిటికీ ఊచలు తింది, గేటు మడతబందులు తింది.
గొలుసుకి వారం వారం నూనె పెడతాను,
జడకి పెట్టినట్టు కాదు,
తిట్టుకుంటూ.

ఏం మోశావని అడగండి.
గ్యాసు బండ. పాతిక కిలోల బియ్యం.
పూర్ణా మార్కెట్టు నుంచి ఎండుమిరప,
ఇంటికి పదకొండు తుమ్ముల దూరం.
రిపేరుకి గ్రైండరు.
వారం తర్వాత, రిపేరవని అదే గ్రైండరు.
హార్బరులో నూకాలు కోసిచ్చిన వంజరం, ఐసుతో సహా
(ఆ పూట ఆ పిల్లాడు కనబడలేదు).
కాలు బెణికిన కింది ఫ్లాటు సత్యవేణి గారిని
దిండు వేసి కూర్చోబెట్టి ఆస్పత్రికి.
బీచి రోడ్డు పొడుగునా చెయ్యి ఊపుతూనే ఉందావిడ,
గెలిచిన అభ్యర్థిలా.

కానీ చదునైన ఊరు కాదిది.
సముద్రం కనబడాలని
వీధులన్నీ మునివేళ్ళ మీద నిలబడే ఊరు.
జూన్ మధ్యాహ్నం, సిరిపురం ఎత్తు,
పెట్టెలో బియ్యం.
సగంలో ఉండగా
స్క్రీను మీద ఆఖరి గీత ఆరిపోయింది.
అన్నాళ్ళూ నేననుకున్న బలం నాది కాదని
మోకాళ్ళు చెప్పాయి.

దిగి తోస్తున్నాను.
ఎదురుగా ఖాళీ రిక్షా బల్ల ఒకటి దిగుతూ వచ్చి
బ్రేకు కీచుమని ఆగింది.
"ఏటమ్మా, సచ్చిపోనాదా బండి?"
జవాబు కోసం చూడలేదు. తన బండి గట్టుకి ఆనించి
నా వెనక చెయ్యి వేశాడు.
పేరు పోలారావట.
ఇనుప సామాను, సిమెంటు రేకులు, పెళ్ళి కుర్చీలు,
ముప్పయ్యేళ్ళుగా కాళ్ళతోనే.

పది రోజులకి అక్కడే మళ్ళీ కనిపిస్తే
నా బండి ఎక్కమన్నాను. ఛార్జి నిండా ఉంది.
లుంగీ ఎగగట్టి ఒక తొక్కు తొక్కాడు. రెండో తొక్కు.
మోటారు అందుకుంది.
చటుక్కున కాళ్ళు ఎత్తేసి
వెనక్కి తిరిగి చూశాడు.
కొంచెం ముందుకెళ్ళి మళ్ళీ చూశాడు.
"ఎనకాల ఎవులో తోసినట్టున్నాదమ్మా."

ఎంతయినాది, అని అడిగాడు దిగాక.
సగం తగ్గించి చెప్పాను.
అయినా నవ్వాడు.
సీటు మీద పడిన తన చెమట
తువ్వాలుతో తుడిచి ఇచ్చాడు.

ఆ ఎత్తు ఎక్కుతూ ఇప్పుడు నేనూ
ఒక్కోసారి వెనక్కి చూస్తాను.
బస్సుంటుంది, ఆటో ఉంటుంది, హారనుంటుంది.

ఇల్లు చేరి పెట్టె ఖాళీ చేశాక
గుర్తొచ్చింది, కొత్తిమీర మరిచిపోయాను.
మూడంతస్తులు దిగాలి మళ్ళీ,
ఈ బిడ్డని చంకనేసుకుని.